పనికి రమ్మంటాం, ఉండనివ్వం

పొద్దున్న ఏడు కొట్టేసరికి హైదరాబాద్‌లో ఏ పెద్ద కూడలికి వెళ్లినా కూలీల అడ్డా కనబడుతుంది. ప్లాస్టిక్ సంచిలో టిఫిన్ డబ్బా, దానిమీద మడతపెట్టిన పాత చొక్కా, కొందరి చేతిలో తాపీ, కొందరి భుజాన పార. మేస్త్రీ బండి ఆగగానే పదిమంది మూగుతారు. "ఇద్దరు చాలు" అంటాడాయన. వయసులో ఉన్న ఇద్దరు ఎక్కేస్తారు. మిగతావాళ్లు మళ్లీ ఫుట్‌పాత్ మీదికి చేరతారు. తొమ్మిది దాటితే ఇక ఎవరూ రారని వాళ్లకు తెలుసు. అయినా ఉత్త చేతులతో ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక పదింటిదాకా అక్కడే కూర్చుంటారు. మా వీధి చివర అడ్డాలో ఒక నడివయసు మనిషిని నెలకు ఎన్నాళ్లు పని దొరుకుతుందని అడిగాను. "వానలు, పండుగలు తీసేస్తే పదిహేను రోజులు, మంచిగుంటే ఇరవై" అన్నాడు. కూలి ఎనిమిది వందలు.

ఇదే నగరపు పడమటి అంచున, కోకాపేటలో, 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ భూములు వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం దాదాపు 2 లక్షల 8 వేలు. ఆ అడ్డా మనిషి తన కూలిలో ఒక్క రూపాయి తినకుండా దాచినా గజం నేలకు 260 పనిరోజులు పడతాయి. నెలకు ఇరవై రోజులు పని దొరికిందనుకున్నా పదమూడు నెలలు. ఆ గజాల మీద లేచే అంతస్తులకు ఇటుక మోసేది, కాంక్రీటు పోసేది అతనూ అతని లాంటివాళ్లే. నగర పేదరికం గురించి ఎన్ని నివేదికలు చదివినా నా ఆలోచన ఈ లెక్క దగ్గరికే తిరిగి వస్తుంది. ఒకే నేల, ఒకే పని, ఒకే రోజు. ఒకరికి సంపద, ఇంకొకరికి పస్తు ఎట్లా మిగులుతున్నాయన్నదే అసలు ప్రశ్న.

ముందుగా, పేదలు ఎందరు? ఈ చిన్న ప్రశ్నకే మన దగ్గర ఒక జవాబు లేదు. 2011-12 సంవత్సరానికి టెండూల్కర్ పద్ధతిలో లెక్కిస్తే దేశంలో పట్టణ పేదలు 13.7 శాతం. రంగరాజన్ కమిటీ అదే సంవత్సరానికి తన కొలతతో లెక్కిస్తే 26.4 శాతం. మొదటిది పట్టణంలో రోజుకు సుమారు 33 రూపాయలు గీతగా పెట్టుకుంది, రెండోది 47 రూపాయలు. పద్నాలుగు రూపాయల తేడాతో పేదల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఆ గీతకు అటూ ఇటూ ఒక్కో రూపాయి దూరంలో ఎన్ని కోట్లమంది నిలబడి ఉన్నారో దీన్నిబట్టే తెలుస్తోంది. తర్వాత వచ్చిన నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ చదువు, ఆరోగ్యం, వంటగ్యాసు, మరుగుదొడ్డి, బ్యాంకు ఖాతా వంటివి చూసి, 2019-21 నాటికి పట్టణాల్లో పేదలు 5.27 శాతమేనంది. బ్యాంకు ఖాతా, గ్యాస్ బండ, కరెంటు వచ్చిన మాట నిజమే. ఆ మార్పును నేను తక్కువ చేయను. అయితే అడ్డా మీది మనిషికి ఇవన్నీ ఉన్నాయి. పని లేని రోజున ఇంటద్దె ఎట్లా కట్టాలన్న దిగులు మాత్రం ఆ సూచీలో ఏ గడిలోనూ పట్టదు.

బస్తీల లెక్క ఇంకా పాతది. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోటిమందికి పైగా మురికివాడల్లో ఉన్నారు. మహారాష్ట్ర తర్వాత రెండో స్థానం మనదే. గ్రేటర్ హైదరాబాద్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు బస్తీ మనిషి. ఆ తర్వాత జనగణన జరగనే లేదు, వచ్చేది 2027లో. ఈలోగా నగరం పడమటికి ఎంత సాగిందో చూస్తూనే ఉన్నాం. పథకాలన్నీ మాత్రం ఆ పాత అంకెల మీదే నడుస్తున్నాయి.

ఈ పేదరికం ఎక్కడిదన్న దానిపై వాదాలు చాలా ఉన్నాయి. 1971లో దండేకర్, రథ్ తమ ప్రసిద్ధ అధ్యయనంలో పట్టణ పేదరికం పల్లె పేదరికం పొంగి పొర్లినదేనన్నారు. పల్లెను బాగుచేస్తే పట్టణం దానంతటదే తేరుకుంటుందన్న నమ్మకం దానిలోంచే వచ్చింది, మన విధానాలను చాలాకాలం నడిపింది. అందులో నిజముంది. పాలమూరు కరువు మనుషుల్ని దేశమంతటా ప్రాజెక్టుల మీదికి, తర్వాత హైదరాబాద్ అడ్డాల మీదికి తోలింది. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు, ఒడిశా, బిహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లు ఈ రోజు మన కట్టడాల పునాదుల్లో ఉన్నారు. కానీ ఈ వాదం సగం దూరమే వెళుతుంది. పల్లె వాళ్లను తోసింది, సరే. వచ్చాక పట్టణం ఏం చేసింది? మూడు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇంకా నాలా ఒడ్డునే ఉన్నవాళ్ల పేదరికానికి ఏ పల్లెను బాధ్యురాలిని చేస్తాం?

తాగుడు, సోమరితనం, పిల్లల్ని ఎక్కువగా కనడం అనే వాదం మన డ్రాయింగు రూముల్లో ఎక్కువగా వినపడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మూడిళ్ల అంట్లు తోమే మనిషిని సోమరి అనడానికి నోరెట్లా వస్తుందో నాకు అర్థం కాదు. తాగుడు బస్తీ కుటుంబాలను నమిలి మింగేస్తున్న మాట నిజం. ఆ ఆడవాళ్లే అందరికంటే ముందు ఆ మాట చెబుతారు. అది పేదరికాన్ని ముదరబెట్టే జబ్బు. దాన్నే మూలకారణమంటే మిగతా కారణాలన్నీ చేయి దులుపుకుని పోతాయి.

నా మటుకు నాకు అసలు సంగతి నేల దగ్గరుంది. ఈ నగరానికి పేదవాడి పని కావాలి, ఆ పని దగ్గర్లోనే కావాలి. అతని ఇల్లు మాత్రం దగ్గర్లో ఉండకూడదు. ఫిలింనగర్ బస్తీలు, నందినగర్, బోరబండ, రసూల్‌పురా ధనిక కాలనీల పక్కనే ఎందుకు పుట్టాయో ఆలోచిస్తే ఇది తెలుస్తుంది. పని ఉన్నచోటికి మనిషి నడిచి వెళ్లాలి. బాంబే పేవ్‌మెంట్ల మీద నివసించేవాళ్లు వేసిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు ఈ మాటనే రాజ్యాంగ భాషలో చెప్పింది. బతుకు తెరువు హక్కు జీవించే హక్కులో భాగమనీ, వాళ్లు అక్కడుండేది పని దగ్గర్లో ఉంది కాబట్టేననీ గుర్తించింది. అదే తీర్పు నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ చెప్పింది. హక్కునూ బుల్‌డోజరునూ ఒకే కాగితం మీద పెట్టిన ఆ తీర్పు నీడలోనే నలభై ఏళ్లుగా మన మున్సిపాలిటీలు నడుస్తున్నాయి.

హైదరాబాద్ ఈ సమస్యను కొత్తగా చూస్తున్నది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టి పేదలకు ఇవ్వడం దాని పనుల్లో ఒకటి. వందేళ్ల క్రితమే ఒక సంస్థానం పేదల ఇల్లు నగర నిర్మాణంలో భాగమని ఒప్పుకుందన్నమాట. 1956లో మురికివాడల అభివృద్ధికి భూమి సేకరించే చట్టం వచ్చింది. ఆ తర్వాత 1967లో మున్సిపల్ కార్పొరేషన్‌లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం గురించి ఈ తరానికి తెలియాలి. బస్తీకి వెళ్లి, అక్కడివాళ్లతో కూర్చుని, ఏం కావాలో వాళ్లనే అడిగి చేసిన పని అది. ఎవరో కట్టి తాళంచెవి చేతికిచ్చే పద్ధతికి బదులు, ఉన్న చోటే పట్టా ఇచ్చి, బ్యాంకు అప్పు ఇప్పించి, తమ ఇల్లు తామే కట్టుకునేట్టు చేశారు. దేశమంతటి నుంచీ, బయటి దేశాల నుంచీ వచ్చి చూసి వెళ్లిన ప్రయోగమది. పట్టా చేతికొచ్చిన మనిషి రేకులు తీసేసి స్లాబు వేసుకుంటాడు, పిల్లను బడి మానిపించడు. కాళ్ల కింది నేల తనదన్న ధీమా చేసే పని ఏ సబ్సిడీ చేయదు.

ఆ బాటలోనే సాగి ఉంటే బాగుండేది. 1976 పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం మిగులు భూమిని పేదలకు చేర్చాలనుకుంది. మినహాయింపులు, కోర్టు కేసుల్లో ఏళ్లు గడిచాయి. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేసింది, ఉమ్మడి రాష్ట్రం 2008లో ఆ రద్దును అంగీకరించింది. ఈలోగా 1998 నవంబరులో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ తెరుచుకున్నాయి. చుట్టుపక్కల నేల బంగారమైంది. ప్రభుత్వాలకు భూమి ఆదాయ వనరైంది. అమ్మితే వందల కోట్లు వచ్చే చోట పేదలకు ఇల్లు కట్టాలని ఏ శాఖకూ అనిపించలేదు. పార్టీలు మారినా ఇది మారలేదు.

2005 డిసెంబరులో మొదలైన కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద ఇళ్లు కట్టింది ఎక్కువగా ఊరి చివర్లలోనే. ఊరి చివరి అలాంటి కాలనీ జక్కంపూడి విజయవాడవాళ్లకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో పట్టణ పేదలకు సెంటు చొప్పున స్థలాలిచ్చారు. లక్షల కుటుంబాల పేరు మీద నేల రాయడం చిన్న సంగతి కాదు. అయితే చాలా లేఅవుట్లు పనికి ఆమడ దూరంలో పడ్డాయి. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ పథకంలో రెండు దృశ్యాలూ ఉన్నాయి. 2015 నవంబరులో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో గుడిసెలున్న చోటే 396 ఇళ్లు కట్టి, ఆ కుటుంబాలకే ఇచ్చారు. 2023 జూన్‌లో ఊరి బయట కొల్లూరులో 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు ఒకేచోట ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు, లిఫ్టుతో సహా. కట్టడంలో రెండూ మేలైనవే. చోటులో తేడా.

ఆ తేడా ఎంతో మా ఇంట్లో పనిచేసే ఆమెను చూశాక తెలిసింది. మెహదీపట్నం దగ్గర ఒక్క గది అద్దెకుండి నాలుగిళ్లు చేసేది. లాటరీలో కొల్లూరులో ఇల్లు వచ్చింది. వచ్చిన రోజు మిఠాయి పంచింది. తన పేరు మీద ఇల్లు ఉండటం ఆమె వంశంలో అదే మొదటిసారి. మొదటి నెల చీకటితోనే లేచి రెండు బస్సులు మారి వచ్చేది. బస్సు ఆడవాళ్లకు ఉచితమే, 2023 డిసెంబరు నుంచి ఆ ఖర్చు తప్పింది. పోనూ రానూ గంటలు మాత్రం తప్పలేదు. పొద్దున్నే రావాల్సిన రెండిళ్లు ఆలస్యమవుతోందని మానిపించాయి. ఎనిమిది నెలలయ్యాక మళ్లీ ఇక్కడే నాలుగున్నర వేలకు గది తీసుకుంది. కొల్లూరు ఇంట్లో అత్త ఒక్కతే ఉంటోంది. "ఇల్లు మంచిగుందమ్మా. లిఫ్టుంది, నల్లా ఉంది. గాని ఇంట్ల కూసుంటే ఎట్ల నడుస్తది?" అంది. ఆమె మాటలో ఫిర్యాదు లేదు. ఇచ్చినవాళ్లకు ఇప్పటికీ దండం పెడుతుంది. మానిపించిన రెండిళ్లవాళ్లు నా ఇరుగుపొరుగే. ఆ తొందర, ఆ విసుగు నాలోనూ ఉన్నాయి.

పేదలకు నగరంలో సొంతిల్లు ఎంత అవసరమో, పని దగ్గర సరసమైన అద్దె గది అంతకంటే ముందు అవసరం. మన పథకాలు సొంతింటి కల చుట్టూ తిరిగినంతగా అద్దె గది చుట్టూ తిరగలేదు. సొంతిల్లు ఓటు తెస్తుంది, అద్దె గది తేదు. వలస కూలీకి ఏడాదిలో ఆరు నెలలు ఉండటానికి ఒక మంచం, నీళ్లు, తాళం వేసుకునే పెట్టె కావాలి. కరోనా వచ్చినప్పుడే మనకు ఈ సంగతి కళ్లకు కట్టింది. 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది లింగంపల్లి నుంచి, జార్ఖండ్‌లోని హటియాకు, దాదాపు 1,200 మంది కూలీలతో. సైబర్ టవర్స్‌కు కొన్ని కిలోమీటర్ల దూరంలోని స్టేషన్ అది. వాళ్లు కట్టిన నగరంలో, పని ఆగిపోతే, వాళ్లు నెలన్నర నిలవలేకపోయారు. ఆ ఏడాది జులైలోనే కేంద్రం అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని ఆమోదించింది. ప్రకటించినంత వేగంగా గదులు లేవలేదు.

తిండి, వైద్యం విషయంలో పరిస్థితి కొంత నయం. 2014 మార్చిలో హైదరాబాద్‌లో మొదలైన ఐదు రూపాయల భోజనం, 2018లో వచ్చిన బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో 2018లో మొదలై, ఆగి, 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లు రోజువారీ బతుకులో కనబడే మేలు చేశాయి. ప్రభుత్వం మారితే అన్నం ఆగిపోవడం మాత్రం క్షమించరానిది. ఆకలికి పార్టీ ఉండదు.

పని సంగతి వేరు. పల్లె మనిషికి 2005లోనే ఉపాధి హామీ చట్టం వచ్చింది. పట్టణ కూలీకి దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం ఈ నాటికీ లేదు. కేరళ 2010లో అయ్యంకాళి పేరుతో, రాజస్థాన్ 2022లో ఇందిరాగాంధీ పేరుతో పట్టణ ఉపాధి పథకాలు తెచ్చాయి. మన రెండు రాష్ట్రాలూ వీటిని చూసి నేర్చుకోవచ్చు. నాలాల పూడిక, చెరువు గట్లు, బడుల మరమ్మతు, నీడ చెట్లు అంటూ నగరంలో చేయాల్సిన పనికి కొదవలేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చి, కట్టడపు ఖర్చు మీద సెస్సు వసూలవుతోంది. ఆ డబ్బు అందాలంటే కార్మికుడు ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపాలి. రోజుకొక మేస్త్రీ దగ్గర చేసేవాడికి ఆ రుజువు ఎవరిస్తారు? సెస్సు పోగవుతున్న చోటికీ, అడ్డాకీ మధ్య ఆ ఒక్క కాగితం అడ్డుగోడలా నిలబడింది. అడ్డా దగ్గరే ఒక షెడ్డు, తాగునీళ్లు, మరుగుదొడ్డి, నమోదు చేసే ఉద్యోగి ఉంటే ఆ గోడ కూలుతుంది. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంటి పనివాళ్ల కోసం దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టమే లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒడంబడికను మన దేశం ఇంకా ఆమోదించలేదు. డెలివరీ కుర్రాళ్ల కోసం రాజస్థాన్ 2023లో మొదటి రాష్ట్ర చట్టం చేసింది. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది. పట్టణ విక్రయ కమిటీల్లో నలభై శాతం చోటు వాళ్లదే అంటుందది. ఆ కమిటీ తమ ఊళ్లో ఎప్పుడు కూర్చుందో ఎంతమంది బండివాళ్లు చెప్పగలరు?

బస్తీని చూడటంలో ఈ మధ్య దేశంలో నాకు ఆశ కలిగించింది ఒడిశా. 2017లో మురికివాడల్లో ఉన్నవాళ్లకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసి, జాగా మిషన్ పేరుతో బస్తీల్ని కొలిచి, పట్టాలిచ్చి, రోడ్లూ నీళ్లూ అక్కడికే తెచ్చింది. డ్రోన్లతో కొలిచినా నిర్ణయాల్లో బస్తీ సంఘాలను కూర్చోబెట్టింది. 1970ల హైదరాబాద్ చేసిన పనే అది, కొత్త పనిముట్లతో. మన నగరం మరచిపోయినదాన్ని ఒడిశా పట్టుకుంది. తెలంగాణ 2014 చివర్లో జీవో 58 కింద 125 గజాల వరకు ఆక్రమిత స్థలాలను ఉచితంగా క్రమబద్ధీకరించింది. మంచి అడుగు. అయితే నాలాల ఒడ్డున, మూసీ గర్భంలో ఉన్నవాళ్లకు అది వర్తించదు, వర్తించకూడదు కూడా. వరద ప్రాణాలు తీస్తుంది. 2024లో మూసీ గర్భంలోని కుటుంబాలను కదిలించినప్పుడు కొందరిని మలక్‌పేటలోని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు పంపారు, అంటే దగ్గర్లోకే. కదిలించక తప్పనప్పుడు కదిలించే పద్ధతి అదే కావాలి. నడిచి పనికి వెళ్లగలిగినంత దూరం, పిల్లల బడి మారనంత దూరం.

మరి ఇది ఎవరి బాధ్యత? రాజ్యాంగం ఇందులో అస్పష్టంగా లేదు. 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలు మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 విధుల్లో మురికివాడల అభివృద్ధినీ, పట్టణ పేదరిక నిర్మూలననూ పేరుపెట్టి చెప్పింది. మున్సిపాలిటీలకు విధి వచ్చింది, నిధి రాలేదు, నేల మీద అధికారం అసలే రాలేదు. వేలం వేసే సంస్థ ఒకటి, ఇళ్లు కట్టే సంస్థ ఇంకొకటి, నీళ్లిచ్చేది మరొకటి. రాష్ట్ర ప్రభుత్వాలు వేలం వేసే ప్రతి భూమిలో కొంత భాగం అక్కడే పనిచేసేవాళ్ల అద్దె ఇళ్లకు కేటాయించాలని చట్టం చేయాలి. వంద కోట్లు పలికే ఎకరం పక్కన పదో వంతు నేల పేదలకు మిగిల్చినా ఖజానా మునిగిపోదు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలకు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు పెట్టమంటోంది. బడికి బెంచీలు, ఆస్పత్రికి యంత్రాలు ఇస్తున్నారు, మంచిదే. తమ భవనాన్ని ఊడ్చే కాంట్రాక్టు మనిషికి కనీస వేతనం, ఈఎస్‌ఐ, నడిచి వచ్చే దూరంలో గది ఉన్నాయో లేదో చూడటం అంతకంటే ముందు బాధ్యత. అది రెండు శాతంలోకి రాదు, జీతాల ఖాతాలోకి వస్తుంది.

ఇక మనం. నగరంలో ఫ్లాటు ఉండి, నెల జీతమొచ్చి, ఈ వ్యాసం చదివే తీరిక ఉన్న మనం. మన ధర పెరిగిన ఫ్లాటులో వాళ్ల తక్కువ కూలి ఉంది. మన కాలనీ పక్క బస్తీ లేచిపోతే స్థలం రేటు పెరుగుతుందని ఎదురుచూసిన పాపంలో మనకూ వాటా ఉంది. దానధర్మాల్లో తెలుగువాళ్లం వెనకపడలేదు. అన్నదానానికి పిలిస్తే చేయి ముందుకొస్తుంది. అదే చేయి పనిమనిషి ఐదొందలు పెంచమంటే బిగుసుకుంటుంది. ఆమె అడిగింది దానం కాదు, తన పనికి ధర.

మీ అపార్ట్‌మెంట్ సంఘం వచ్చే సమావేశంలో మూడు విషయాలు పెట్టండి. ఇంటి పనివాళ్లకు, వాచ్‌మన్‌కు నెలకు నాలుగు సెలవులు, జీతం కోయకుండా. వాళ్లు వాడుకోవడానికి శుభ్రమైన మరుగుదొడ్డి. ఏ లిఫ్టయినా ఎక్కే హక్కు. ఈ మూడింటికీ ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. తర్వాత మీ ఇంటికి ఓటు అడగడానికి వచ్చే అభ్యర్థిని, ఏ పార్టీ అయినా సరే, కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: మన వార్డులో పనిచేసేవాళ్లు మన వార్డులోనే అద్దెకు ఉండటానికి మీరు ఎన్ని గదులు కట్టిస్తారు, ఏ స్థలంలో?